నగరాన్ని ఎంచుకోవడం: గోదావరి డెల్టా నుంచి ఒంటరిగా బయలుదేరే యువతకు

చదువు పూర్తయి, "మరి ఎక్కడికి వెళ్తావు?" అన్న ప్రశ్న ఇంట్లో మొదలయ్యాక, మన ప్రాంతపు పిల్లల్లో చాలామంది సమాధానం ఆలోచించి చెప్పరు. మేనమామ కొడుకు కూకట్‌పల్లిలో ఉన్నాడు కాబట్టి హైదరాబాదు అంటారు, కాలేజీ స్నేహితులు ముగ్గురు మారతహళ్లిలో గది తీసుకున్నారు కాబట్టి బెంగళూరు అంటారు. నేనూ అలాగే వెళ్లాను. అమలాపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని మా ఊరి నుంచి బెంగళూరు వెళ్లి మూడేళ్లు ఉండి, తర్వాత విశాఖపట్నానికి మారి ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఈ రెండు ఊళ్లూ నాకు నేర్పినదాన్ని బట్టి చెప్పేది ఒక్కటే: నగరాన్ని దాని పేరు చూసి కాకుండా దూరాలు కొలిచి ఎంచుకోవాలి. మీరు ఉండబోయే గది నుంచి పనికి ఎంత దూరం, అదే గది నుంచి అమ్మానాన్నల దగ్గరకు ఎంత దూరం, అర్ధరాత్రి అవసరం పడితే పిలవగలిగిన మనిషికి ఎంత దూరం అన్నవి తేల్చుకోవాలి. కిలోమీటర్లలో కాదు, గంటల్లో, రూపాయల్లో. ఇందుకోసం ఒక నోటుపుస్తకం కొనుక్కుని, ఆలోచనలో ఉన్న ఒక్కో నగరానికి రెండేసి పేజీలు కేటాయించండి.

మొదట రాయవలసింది పని సంగతి. ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ రాగానే ఆ ఊరికి వెళ్లిపోవడం సహజమే, కానీ ఆ ఉద్యోగం ఏడాదిలో పోతే అదే ఊళ్లో, అదే గదిలో ఉంటూ రెండో ఉద్యోగం వెతుక్కోగలమా అన్నది ముందే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ వారికి హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఆ వెసులుబాటు ఎక్కువ. మోటారు వాహనాల తయారీలో పనిచేయాలనుకునే మెకానికల్ విద్యార్థి చెన్నై పక్కనున్న శ్రీపెరుంబుదూరు వైపు చూడాలి. మందుల పరిశ్రమ వారికి హైదరాబాదు శివార్లతో పాటు విశాఖ దగ్గరి పరవాడ, అచ్యుతాపురం ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవారు ఉద్యోగుల పేటలు కాకుండా గ్రంథాలయమూ కోచింగ్ సెంటర్లూ నడిచి వెళ్లగలిగే చోట ఉన్న పేటలు వెతకాలి. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి, విశాఖలో ద్వారకానగర్ అలాంటివి. ఇక రొయ్యల సాగు, మేత, ప్రాసెసింగ్, నీటి పరీక్షల ల్యాబులకు సంబంధించిన చదువు చదివినవారు పెట్టె సర్దుకునే ముందు భీమవరం, కాకినాడల పేర్లతో కూడా రెండు పేజీలు రాయాలి. ఆ రంగానికి అవే పెద్ద ఊళ్లు, పైగా అక్కడి నుంచి ఇల్లు గంటా రెండు గంటల దూరం.

రెండోది ఇంటి దూరం. దీన్ని నేను లెక్క కట్టలేదు. నాన్నగారికి గుండెనొప్పి వచ్చి కాకినాడ తీసుకెళ్తున్నామని బెంగళూరులో నాకు రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చింది. అప్పటికే ఆ రాత్రి బస్సులు బయలుదేరిపోయాయి. దొరికిన బస్సులు పట్టుకుంటూ, విజయవాడలో మారి, నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి మర్నాడు రాత్రి ఎనిమిదయింది. నాన్నగారు కోలుకున్నారు. కానీ ఆ ఇరవై మూడు గంటల్లో అమ్మ ఒక్కతే సంతకాలు చేసింది, ఒక్కతే డబ్బు కట్టింది. నేను విశాఖకు మారడానికి మరే కారణమూ లేదు.

అందువల్ల ఇంటి దూరాన్ని రైల్వే స్టేషను దగ్గర ఆపకుండా మీ వాకిలి దాకా లెక్కపెట్టండి. రాజమండ్రి, తాడేపల్లిగూడెం, సామర్లకోట వారికి ప్రధాన రైలు మార్గం ఊళ్లోనే ఉంది. అమలాపురానికి నేటికీ రైలు లేదు. కోటిపల్లి – నర్సాపురం మార్గం పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. కాబట్టి ముమ్మిడివరం, రాజోలు వైపు వారు రాజమండ్రిలోనో కాకినాడలోనో దిగిన తర్వాత బస్సుకూ ఆటోకూ పట్టే సమయం కూడా కలుపుకోవాలి. విశాఖ నుంచి రాజమండ్రికి రైలులో సుమారు 200 కిలోమీటర్లు, ఒక పూటలో ఇంటికి చేరవచ్చు. హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి రావులపాలెంలో ఉంటాం, గౌతమి ఎక్స్‌ప్రెస్ కూడా రాత్రి ప్రయాణమే. బెంగళూరు నుంచి కాకినాడకు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది కానీ దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయాన్ని అత్యవసరానికి లెక్కలో ఉంచుకోవచ్చు, అయితే ఆ రోజు కొన్న టికెట్టు ధర ఎంత ఉంటుందో ఒకసారి వెతికి చూసి అంకె రాసుకోండి.

సంక్రాంతి ప్రయాణం వేరే లెక్క. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. అంటే జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 ఉదయం ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆ ఉదయం తప్పిపోతే ప్రైవేటు బస్సులవారు చెప్పిన ధరకు ఒప్పుకోవలసిందే. ఏడాదికి ఇంటికి ఎన్నిసార్లు రాదలచుకున్నారో నిజాయితీగా అనుకుని, ఆ ప్రయాణాల మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో వేయండి. జీతం ఎక్కువని ఎంచుకున్న దూరపు నగరం ఈ ఒక్క అంకెతో చాలాసార్లు వెనకబడిపోతుంది.

మిగతా ఖర్చుల్లో అందరూ అద్దె చూస్తారు, అడ్వాన్సు మరచిపోతారు. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వడం మామూలు. బెంగళూరులో పది నెలల అద్దె అడిగే పాత అలవాటు చాలాచోట్ల తగ్గినా, పెద్ద మొత్తం అడిగే యజమానులు ఇంకా ఉన్నారు. ఆ డబ్బు ఇంట్లో ఎవరో అప్పు చేసి ఇస్తున్నారంటే దాని వడ్డీ కూడా మీ ఖర్చే. ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలకు రాస్తారు. కాలం ఎంతైనా కాగితం మాత్రం ఉండాలి. నేను మొదట దిగిన హాస్టల్‌లో నగదు ఇచ్చి రసీదు అడగలేదు. ఖాళీ చేసిన రోజున పెయింటింగ్ ఖర్చని చెప్పి అడ్వాన్సులో పైసా తిరిగి ఇవ్వలేదు, నా దగ్గర చూపించడానికి చీటీ ముక్క కూడా లేదు. డబ్బు ఫోను ద్వారానే పంపండి, దేనికి పంపుతున్నారో అందులోనే రాయండి.

అమ్మాయిలు బస్సు ఖర్చు విషయంలో ఒక తేడా గమనించాలి. తెలంగాణలో 2023 డిసెంబరులో, కర్ణాటకలో 2023 జూన్‌లో మొదలైన ఉచిత బస్సు ప్రయాణం ఆయా రాష్ట్రాల నివాసులకే. ఆధార్‌లో కోనసీమ చిరునామా ఉన్నవారు అక్కడ టికెట్టు కొనాలి. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది కాబట్టి విశాఖలోనో విజయవాడలోనో ఉంటే సిటీ బస్సుకు డబ్బు అక్కర్లేదు, ఎక్స్‌ప్రెస్ బస్సులో ఇంటికి రావడానికీ అక్కర్లేదు. తక్కువ జీతంతో మొదలుపెట్టే అమ్మాయికి ఇది చిన్న మొత్తం కాదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన అంచె: నిర్ణయం తీసుకునే ముందు ఆ ఊళ్లో కనీసం పది రోజులు ఉండి రావడం. చూసి రావడం వేరు, ఉండి రావడం వేరు. పెళ్లికి వెళ్లినప్పుడు చూసిన హైదరాబాదు, విహారయాత్రలో చూసిన రుషికొండ ఇందుకు పనికిరావు. రోజువారీ అద్దెకు ఇచ్చే పీజీ హాస్టల్‌లోనో, స్నేహితుడి గదిలో చాప వేసుకునో దిగి, మీరు ఉద్యోగంలో చేరినట్టే నడుచుకోండి. ఉదయం ఎనిమిదిన్నరకు బస్టాపులో నిలబడి, మీరు పనిచేయబోయే చోటికి వెళ్లండి. సాయంత్రం ఆరున్నరకు అక్కడి నుంచి బయలుదేరండి. ఇలా మూడు పనిదినాలు చేసి, మూడు రోజుల సమయాలూ రాసుకోండి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రో గానీ, వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా వెళ్లే బెంగళూరు మెట్రో గానీ మీ దారికి సరిపోతే, స్టేషనుకు పది నిమిషాల నడకలో కొంచెం చిన్న గదైనా తీసుకోవడం మేలని నా అభిప్రాయం. రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లో పోగొట్టుకున్నవాడికి పెద్ద గదిలో ఉండే తీరికే దొరకదు.

ఆ పది రోజుల్లో నీళ్లు చూడండి. కాలువ నీళ్లు తాగి పెరిగిన మనకు బోరు నీళ్ల సంగతి వెంటనే తెలియదు. బకెట్టు నింపి సబ్బు రాసుకుని చూడండి. నురగ రాకుండా చేతికి జిడ్డుగా తగిలితే అవి ఉప్పు నీళ్లు. వాటితో కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, ఆరు నెలల్లో కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం అపార్టుమెంట్లు ఎదురుచూశాయి. కాబట్టి యజమానిని "నీళ్లున్నాయా?" అని అడగడం చాలదు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది, దాని డబ్బు ఎవరు కడతారు అని అడగండి.

వరద సంగతి కూడా అడగండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది అని మన లంకల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నగరంలో అలా ఎవరూ ముందుగా అంకె చెప్పరు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పక్క వీధి పొడిగా ఉండి ఒక వీధి మాత్రం నడుములోతు నీళ్లలో ఉండిపోయింది. వీధి చివర కిరాణా కొట్టులో "ఆ వానకు ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?" అని అడిగితే, వారు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. గ్రౌండ్ ఫ్లోర్ గది ఎందుకు చవకగా వస్తోందో అప్పుడు అర్థమవుతుంది.

గది కోసం తిరిగేటప్పుడు "బ్యాచిలర్లకు ఇవ్వం" అన్న మాట ఎలాగూ వినవలసి వస్తుంది. కొందరు చేపలు వండకూడదంటారు. ఇంకొందరు ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత "మీరేమిట్లు?" అని కులం ఆరా తీస్తారు. ఇది అన్యాయమే, మీ తప్పేమీ లేదు. కానీ దానికి బదులుగా అబద్ధం చెప్పి ఆ ఇంట్లో దిగకండి, పులస కాలంలో అమ్మ పంపిన కూర డబ్బా మూత తీయడానికి భయపడుతూ బతకవలసి వస్తుంది. అమ్మాయిలైతే చూసిన గదికి రాత్రి తొమ్మిది తర్వాత మళ్లీ ఒకసారి, తోడుగా ఎవరినైనా తీసుకుని వెళ్లాలి. బస్సు దిగిన చోటి నుంచి గేటు దాకా వీధి దీపాలు వెలుగుతున్నాయా, ఆ వేళకు తెరిచి ఉండే మందుల దుకాణమో టిఫిన్ సెంటరో ఉందా, షిఫ్టు ముగించి పదకొండింటికి వస్తే హాస్టల్ గేటు తీస్తారా అన్నవి పగలు తెలిసేవి కావు.

మూడో దూరం, మనిషి దూరం. బెంగళూరులో మొదటి ఏడాది నాకు డెంగీ వచ్చింది. గదిలోని ఇద్దరూ ఊళ్లకు వెళ్లారు, మూడో అంతస్తు, తాగే నీళ్ల డబ్బా కింద గేటు దగ్గరే ఉండిపోయింది. రెండు రోజులు నేను కూరలకు రాకపోవడం గమనించి, వీధి మలుపులో కర్రీ పాయింట్ నడిపే రాజోలు ఆవిడ కొడుకును పంపించారు. ఆ అబ్బాయే నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పటివరకు ఆవిడ నన్ను "ఏం బాబూ, ఈ పూట గుత్తొంకాయ కావాలా?" అని అడగడం తప్ప మా మధ్య పరిచయమే లేదు. అందుకే చెప్తున్నాను, ఆ ఊళ్లో బంధువులు ఉన్నారా అన్నది కాదు ప్రశ్న. ఇరవై కిలోమీటర్ల అవతలున్న పెద్దనాన్న గారి ఇల్లు జ్వరం వచ్చిన రాత్రి ఇరవై కిలోమీటర్ల అవతలే ఉంటుంది. అరగంటలో రాగలిగిన ఇద్దరి పేర్లు మీ పుస్తకంలో రాయగలిగితే ఆ పేట సరైనది. రాయలేకపోతే, నలుగురైదుగురు కలిసి ఉండే ఇల్లో హాస్టలో తీసుకోండి. మొదటి ఏడాది ఒంటరి గది వద్దు.

ఈ లెక్కలన్నీ చేశాక రెండు నగరాలు సమానంగా తేలితే, పనికి దగ్గరగా ఉన్నదాన్ని కాకుండా ఇంటికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోమంటాను. పనిచేసే చోటు మారుతుంది, అమ్మానాన్నల వయసు పెరుగుతూనే ఉంటుంది. వారి వయసు యాభై లోపు ఉండి, ఇంటి దగ్గర అక్కో తమ్ముడో ఉన్నారంటే నిస్సంకోచంగా దూరం వెళ్లవచ్చు, బెంగళూరు నాకు నేర్పిన పని విశాఖలో దొరికేది కాదు. వెళ్లేముందు మీ చిరునామా, యజమాని ఫోను నంబరు, పైన చెప్పిన ఇద్దరి నంబర్లు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో క్యాలెండరు వెనక అంటించండి. ఒప్పందం పదకొండు నెలలది కాబట్టి, తొమ్మిదో నెల మొదటి ఆదివారం ఆ నోటుపుస్తకం మళ్లీ తెరిచి, మూడు దూరాలనూ కొత్తగా కొలవండి; ఊరు మారాలో, పేట మారాలో, అక్కడే ఉండాలో అప్పుడు తేలుతుంది, యజమానికి నోటీసు ఇవ్వడానికి సమయమూ మిగులుతుంది.