పాత ఓమ్ని ఐడ్లింగ్‌లో నిలవట్లేదా? స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు సంతలకి సరుకు మోసే పాత మారుతి ఓమ్ని వ్యాన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కి ఇచ్చే భాగం) ఉన్న బళ్లకి ఎక్కువగా వచ్చే ఇబ్బంది, ఐడ్లింగ్‌లో నిలవకపోవడం, అంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజన్ ఆగిపోవడం. అలా ఆగితే చాలామంది ముందుగా చేసే పని కార్బొరేటర్ స్క్రూ తిప్పడం. దయచేసి వద్దు. తప్పు స్పార్కు ప్లగ్గులోనో చిరిగిన పైపులోనో ఉంటే, స్క్రూ తిప్పాక కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత మైలేజీ పడిపోతుంది, అసలు జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

ఐడ్లింగ్‌లో బండి ఊగిపోతూ మిస్సింగ్ కొడుతోందా?

ముందు సీటు ఎత్తితే కిందే ఇంజన్. 796 సీసీకి మూడే సిలిండర్లు, కాబట్టి ఒక్కటి మానేసినా బండంతా వణుకుతుంది. ఏది మానేసిందో ఇలా పట్టుకోవచ్చు. ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు వైరు ఊడదీయండి, దానికి ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజన్ లోహానికి గట్టిగా ఆనేలా పెట్టి, చెయ్యి దూరంగా ఉంచి స్టార్ట్ చేయండి. ఊపు ఇంకా పెరిగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే, ఏ తేడా లేకపోతే దొంగ దొరికినట్టే. ఆ సిలిండర్ ప్లగ్గు తీసి చూడండి. నల్లగా, పెట్రోలు తడితో ఉంటే స్పార్కు సరిగా రావట్లేదు, లేదా పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు చాలక గాలి ఎక్కువవుతోంది. ప్లగ్గు కొన దగ్గర స్పార్కు దూకే గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. పక్క సిలిండర్ ప్లగ్గుతో మార్చి చూస్తే, జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్లిందా లేదా తెలిసిపోతుంది. వెళ్లకపోతే వైరు, డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు కరెంటుని ఒక్కో ప్లగ్గుకి పంచే భాగం) క్యాపు చూడాలి. బరంపురం లాంటి సముద్రగాలి తగిలే చోట్ల వానాకాలం పొద్దున్నే మిస్సింగ్ వస్తే నా అనుమానం ముందు క్యాపు మీదకే పోతుంది, లోపల పొడిగుడ్డతో తుడిచి సన్నని పగుళ్లున్నాయేమో వెలుతురులో చూడండి. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు (కరెంటుని కలుపుతూ తెంచే చిన్న స్విచ్చు) ఉన్న పాత బండైతే వాటి గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ.

స్పీడులో బాగానే పోతుంది, బండి ఆపితే మాత్రం ఇంజన్ ఆగిపోతుంది

ఇది దాదాపు ఖాయంగా స్లో జెట్టే, అంటే కార్బొరేటర్‌లో ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే జెట్. సన్నని రంధ్రం, చిన్న చెత్త పడినా మూసుకుపోతుంది. ఊళ్లలో సీసాల్లో అమ్మే పెట్రోలు పోయిస్తే మరీను. జెట్ విప్పి గాలి కొట్టించండి, తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఇక అది పనికిరాదు. జెట్‌కి సోలనాయిడ్ (కరెంటుతో పెట్రోలు దారి తెరిచే వాల్వు) ఉన్న కార్బొరేటరైతే తాళం ఆన్ చేయగానే "టిక్" మనాలి. అనకపోతే కరెంటు రావట్లేదో, సోలనాయిడే పోయిందో చూడాలి.

ఐడ్లింగ్ ఒక్కోసారి పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. కార్బొరేటర్ కింది ప్యాకింగ్, వాక్యూమ్ పైపుల మొదళ్ల దగ్గర సబ్బు నీళ్లు కొద్దిగా చల్లండి, శబ్దం మారిన చోటే లీకు. పెట్రోలు గానీ స్ప్రే గానీ వేడి ఇంజన్ మీద చల్లొద్దు, మంట అంటుకుంటుంది.

ఘాట్ ఎక్కాక మొరాయిస్తోందా?

కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. కింద సెట్ చేసిన కార్బొరేటర్ అక్కడి పలచని గాలికి పెట్రోలు ఎక్కువిస్తుంది, ఐడ్లింగ్ బరువుగా ఉంటుంది, పొగ నల్లగా వస్తుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, మురికిదైతే మార్చండి. అది శుభ్రంగా ఉండీ ఇలాగే ఉంటే అప్పుడు మిక్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో పెట్రోలు పాలు సరిచేసేది) ముట్టుకోవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక పావు చుట్టు లోపలికి తిప్పి ఆగి వినండి. మళ్లీ దిగాక యథాస్థానానికి తేవాలి కాబట్టి ఎంత తిప్పారో రాసుకోండి. ఐడ్లింగ్ వేగం తక్కువనిపిస్తే ఆ వేగం సరిచేసే స్లో స్క్రూతో సుమారు 900 ఆర్‌పీఎం దగ్గర నిలపండి.

ఇవన్నీ చేశాక కూడా వణుకు పోకుండా, తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే ప్యాకింగ్) పోయినట్టు. అలా నడిపితే హెడ్ వంకరపోతుంది, అక్కడే ఆపి వేరే బండితో లాగించుకెళ్లండి.