నేపాల్ క్రైస్తవ సంఘాలను చూసి రావడం ఎలా? రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వాళ్లకు

వీసా అక్కర్లేదు, హిందీ నడుస్తుంది, రెండు పూటలా అన్నమే పెడతారు. అందుకే మనవాళ్లు నేపాల్‌ని విదేశం కింద లెక్కేయరు. జయపురంలో కూటాలకు వెళ్లినట్టే సంచి సర్దుకుని బయల్దేరతారు. పాడయ్యేది అక్కడే.

ముందు శనివారం చూసుకోండి

నేపాల్‌లో సంఘాలు ఆరాధనకు కూడేది శనివారం. ఆదివారానికి చేరేలా టికెట్లు తీసిన బృందాలు తాళం వేసిన మందిరం ముందు ఫొటో దిగి తిరిగొస్తాయి. శనివారం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మంగళవారం ఇక్కడ రైలెక్కితే బుధవారం హౌరా, గురువారం రక్సౌల్, ఆ రాత్రికి కాఠ్మాండూ. శుక్రవారం ఆనందబన్ కుష్టు ఆసుపత్రి, శనివారం ఆరాధన, ఆది సోమవారాలు పల్లె సంఘాలు. మొత్తం పది పదకొండు రోజులు.

నెల నవంబరు గానీ ఫిబ్రవరి గానీ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి. దశైన్ (వాళ్ల దసరా) పండక్కి బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు.

మనుషులు ఆరుగురే. అక్కడి సేవకుడి (పాస్టరు) ఇంట్లో ఉండేది రెండు గదులు. ఏడో మనిషి వస్తానంటే వచ్చే ఏడాది రమ్మనండి.

కాగితాలు, డబ్బు

పాస్‌పోర్టు, లేదా ఒరిజినల్ ఓటరు కార్డు. ఆధార్ ఒక్కటే పట్టుకొచ్చి గేటు దగ్గర వాదించొద్దు. టికెట్ మీద పేరు కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా రాయించుకునే అలవాటు మనకుంది కదా, అది ఇంటి దగ్గరే సరిచూసుకోండి. అక్కడ సిమ్ కొనడానికి పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు ఉంచుకోండి.

అన్నీ వంద నోట్లే పట్టుకెళ్లండి. 2018లో నేపాల్ వందకు పైబడిన మన నోట్లు చెల్లవంది. తర్వాత నిబంధనలు కదిలినా దుకాణదారుడి భయం పోలేదు. మన వందకు అక్కడ నూట అరవై, ఇది స్థిరమైన రేటు. ధర చెప్పగానే "ఐసీయా, ఎన్‌సీయా?" అని అడగండి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్ల రూపాయి. అడగకపోతే ఎన్‌సీ వంద చోట ఐసీ వంద ఇచ్చి, ఎన్‌సీ అరవై పోగొట్టుకుంటారు.

ఖర్చు ఎవరి జేబులోంచి వాళ్లే పెట్టుకోవాలి. సంఘం ట్రస్టు డబ్బు విదేశంలో ఖర్చు చేస్తే ఆ మేరకు ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు. ఆ తలనొప్పి కోశాధికారికి పెట్టొద్దు.

దారి

రాయగడ వాళ్లు విజయనగరంలో, పర్లాకిమిడి వాళ్లు పలాసలో, బరంపురం వాళ్లు ఉన్న ఊళ్లోనే హౌరా బండి ఎక్కాలి. కోరమండల్ ఇప్పుడు షాలిమార్‌లో ఆగిపోతుంది, అది పట్టుకుంటే కలకత్తాలో సామాన్లతో ఇంకో పరుగు. హౌరాలో మధ్యాహ్నం దాటాక మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరుసటి ఉదయం రక్సౌల్. హౌరాలో రెండు బండ్ల మధ్య కనీసం ఆరు గంటలు ఖాళీ ఉంచుకోండి. రక్సౌల్ నుంచి ఈ-రిక్షాలో సరిహద్దు దాటి బీర్‌గంజ్, అక్కడి నుంచి హెటౌడా మీదుగా సుమోలో కాఠ్మాండూ. బస్సు చుట్టు తిరిగి వెళ్తుంది, ఎక్కొద్దు.

విశాఖ నుంచి ప్యాకేజీలో విమానంలో పోవచ్చు కదా అంటారు. ప్యాకేజీవాడు పశుపతినాథ్, పోఖరా చూపిస్తాడు గానీ సంఘాన్ని చూపించడు. పైగా రెండు రోజులు రైల్లో కూర్చుంటేనే బృందంలో ఎవరు నోరు జారతారో తెలుస్తుంది. ఆ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఏం చూడాలి

కాఠ్మాండూకి దక్షిణంగా లేలే దగ్గర ఆనందబన్ కుష్టు ఆసుపత్రి ఉంది. లెప్రసీ మిషన్‌ది, 1957 నాటిది. మన సాలూరు ఫిలదెల్ఫియా ఆసుపత్రి కూడా ఆ సంస్థదే కాబట్టి అక్కడ ఏం అడగాలో మీకే తెలుస్తుంది. నెల ముందే ఈమెయిల్‌లో అనుమతి అడగండి. రోగుల ఫొటోలు తీయొద్దు. సమయం మిగిలితే తాన్‌సేన్ మిషన్ ఆసుపత్రి చూడొచ్చు. దాన్ని నడిపే యునైటెడ్ మిషన్ టు నేపాల్ 1954లో మొదలైంది. కానీ తాన్‌సేన్‌కి అదనంగా రెండు రోజులు కావాలి.

అసలు చిక్కు

నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణ ఇతరులను మతం మార్చడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమల్లోకొచ్చిన శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్చినా, మారమని ప్రోత్సహించినా ఐదేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయ్యాక ఏడు రోజుల్లో దేశం దాటిస్తారు.

ఒడిశాలో 1967 నుంచి మతస్వేచ్ఛా చట్టం ఉంది, మాకివన్నీ అలవాటే అంటారు కొందరు. రెండూ ఒకటి కావు. ఒడిశా చట్టానికి బలవంతమో, ప్రలోభమో, మోసమో కావాలి. నేపాల్‌లో "ప్రోత్సహించారు" అన్న మాట చాలు. మీరు సుమో ఎక్కి వచ్చేస్తారు. పోలీసు స్టేషన్‌కు పిలిపించేది అక్కడి పాస్టరుగారిని.

కాబట్టి మొదట ఫ్లెక్సీ ఆపండి. "నేపాల్ సువార్త దండయాత్ర" అని పెద్దక్షరాలు, దండలు వేసుకున్న ఆరుగురు, కింద కుడి మూలన అక్కడి సేవకుడి ఫొటో, పేరు, ఊరు, వాట్సాప్ నంబరు. అచ్చేసినవాడు దాన్ని తన స్టేటస్‌లో పెట్టుకుంటాడు. మీరు రక్సౌల్ చేరకముందే అది బీర్‌గంజ్ చేరుతుంది. కేసు పెట్టాలనుకున్నవాడికి కావలసినదంతా ఒక్క కాగితం మీద మనమే రాసిచ్చినట్టు. టోపీలు, టీషర్టులు కూడా అంతే.

కరపత్రాలు ఒక్కటి కూడా వద్దు. నేపాలీ బైబిళ్లు కాఠ్మాండూలోనే దొరుకుతాయి. ఇక్కడి నుంచి పెట్టెలు మోసుకెళ్తే సరిహద్దులో విప్పిస్తారు. దారిలో, సుమోలో, ఆసుపత్రి వరండాలో ఎవరి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేయొద్దు. సేవకుడు తానుగా "ఇక్కడ చేయండి" అన్నచోటే చేయాలి. ఆయన కళ్లతో వద్దంటే పాట మధ్యలోనైనా ఆపేయాలి. ఆ రోజు బాప్తిస్మాలు ఉన్నాయని తెలిస్తే నీళ్ల దగ్గరికి వెళ్లకండి, కెమెరా అసలు తీయకండి.

ఫోన్లో లొకేషన్ ఆపేసి సరిహద్దు దాటండి. ఫేస్‌బుక్ లైవ్ పెట్టే మనిషిని రైల్లోనే గుర్తుపట్టి ఉంటారు, అతని ఫోన్ ఇంకొకరి దగ్గర ఉంచండి. గుంపు ఫొటో కావాలంటే మనవాళ్లదే, మందిరం బోర్డు పడకుండా.

కానుక సంగతి ఇంకా సున్నితం. సేవకుడి చేతిలో కవరు పెట్టి అందరూ నవ్వుతూ నిలబడటం మన పద్ధతి. అక్కడ ఆ ఫొటో ప్రలోభానికి రుజువు. పైగా పక్క ఊరి సేవకుడు చూస్తే సంఘాల మధ్య పుల్ల పడుతుంది. సంఘ పెద్దలు ఇద్దరి ముందు కోశాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్తగా వచ్చేవాళ్లకు, పిల్లలకు నోట్లు, బట్టలు పంచొద్దు.

మందిరంలో

చెప్పులు బయట వదిలి చాప మీద కూర్చోవాలి, చాలాచోట్ల ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. పలకరింపు "జయ్ మసీహ్". వాక్యం చెప్పమంటే హిందీ వచ్చినవారే, పదిహేను నిమిషాలే. తర్జుమాతో అది అరగంట అవుతుంది. తెలుగులోంచి హిందీకి, హిందీలోంచి నేపాలీకి మార్చారంటే చివరికి పౌలు మాట పౌలుకే అర్థం కాదు. మన సామెతలు, పిట్టకథలు అసలొద్దు. "అత్త సొమ్ము అల్లుడు దానం" అంటే అక్కడ ఒక్కరూ నవ్వరు.

భోజనం ఉదయం పది ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఏడుకి. ఎనిమిదింటికి టిఫిన్ అడిగితే ఆ ఇంటి అమ్మగారు రెండుసార్లు పొయ్యి వెలిగించాలి. అటుకులు, వేరుశనగలు మీ సంచిలో ఉండాలి.

తిరుగు ప్రయాణం

మిగిలిన ఎన్‌సీ నోట్లు బీర్‌గంజ్‌లోనే మార్చేయండి, హౌరాలో వాటికి టీ కూడా రాదు. మిథిలా ఎక్కాల్సిన ముందురోజు రాత్రికే రక్సౌల్ చేరి పడుకోండి.

ఇంటికొచ్చిన ఆదివారం సాక్ష్యం చెప్పమంటారు. "ఒక కొండ ఊరు", "ఒక సహోదరుడు" అంటే చాలు. ఊరి పేరు అడిగితే చెప్పొద్దు, ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ పోతుంటుంది. ప్రొజెక్టర్ మీద వేసే ఫొటోలు శనివారం రాత్రే ఒక్కొక్కటి తెరిచి, వెనక గోడ మీద బోర్డు చదవగలిగేలా ఉందేమో చూసి, ఉంటే తీసేయండి.