ధ్రువ నక్షత్రం మబ్బు చాటున ఉంటే దిక్సూచితో ఉత్తరం పట్టడం

ముందు నా తప్పు చెబుతాను. దిక్పాతం (దిక్సూచి ముల్లు అసలు ఉత్తరం నుంచి పక్కకు తప్పే కోణం) పడమరకు 13 డిగ్రీలు ఉన్న చోట, ఉత్తరాన మబ్బు పట్టిన ఒక సాయంత్రం, టెలిస్కోపు స్టాండును దిక్సూచి చూసి నిలబెట్టాను. 13 డిగ్రీలు సవరించాలని తెలుసు గానీ ఏ వైపుకో ఆలోచించలేదు. 360లోంచి 13 తీసేసి దిక్సూచిలో 347 దగ్గర గురిపెట్టాను. మబ్బు విడిపోయాక చూస్తే ధ్రువ నక్షత్రం ఎక్కడో కుడి పక్కన ఉంది. దాని కిందుగా దిగంతం మీద చెయ్యి చాచి కొలిస్తే రెండున్నర పిడికిళ్లు, అంటే దాదాపు 26 డిగ్రీలు! సవరణ జోలికే పోకుండా ఉంటే తప్పు అందులో సగమే ఉండేది.

ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. ఆకాశం తిరుగుతున్నట్టు కనిపించేది భూమి అక్షం చుట్టూ. ఈ రెండు ఉత్తరాల మధ్య కోణమే దిక్పాతం. ఇంగ్లిషులో దీన్నీ, నక్షత్రాల క్రాంతినీ (ఖగోళ మధ్యరేఖకు అవి ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాయో చెప్పే కోణాన్నీ) ఒకే మాటతో డెక్లినేషన్ అంటారు. మనకు వేర్వేరు మాటలు ఉండటం అదృష్టమే.

మీరున్న చోటి దిక్పాతం ఎంతో ముందే తెలుసుకోండి. పాత మ్యాపు మీది అంకెను నమ్మవద్దు. లండన్‌లో 1580లో తూర్పుకు సుమారు 11 డిగ్రీలున్న దిక్పాతం, 19వ శతాబ్దం మొదట్లో పడమరకు 24కు చేరింది. దిక్పాతాన్ని లెక్కగట్టే ప్రపంచ అయస్కాంత నమూనాను (వరల్డ్ మాగ్నెటిక్ మోడల్) అయిదేళ్లకోసారి సవరిస్తారు. 2025 నమూనాతో లెక్కించే వెబ్‌పేజీలో అక్షాంశ రేఖాంశాలిస్తే అంకె వస్తుంది.

ఇక వైపు సంగతి. సూత్రం బట్టీ పడితే చీకట్లో తారుమారవుతుంది. నేను కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి అసలు ఉత్తరం అని రాస్తాను. దిక్పాతం పడమర అయితే ముల్లును ఆ గీతకు ఎడమగా గీస్తాను. ముల్లు నుంచి కుడికి 13 డిగ్రీలు తిరిగితేనే అసలు ఉత్తరం వస్తుందని బొమ్మే చెబుతుంది. అంటే నేను గురిపెట్టాల్సింది 013కు. పట్టికలో ఒక నక్షత్రం దిగంశ (అసలు ఉత్తరం నుంచి కుడికి కొలిచే కోణం) 120 అని ఉంటే అక్కడ దిక్సూచిలో 133 దగ్గర వెతకాలి. దిక్పాతం తూర్పుకు 13 అయితే 107 దగ్గర.

ఫోను దిక్సూచి అయితే ముందు సెట్టింగులు చూడండి. అసలు ఉత్తరాన్ని చూపేలా పెట్టి ఉంటే అది అప్పటికే సవరించి చూపుతుంది. మీరు మళ్లీ కలిపితే రెండుసార్లు సవరించినట్టు.

దిక్సూచిని టెలిస్కోపు మీద పెట్టి చూడకండి. ఇనుప బరువులు, మోటార్లు ముల్లును లాగేస్తాయి. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, సరైన దిశలో దూరంగా ఒక చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, తిరిగొచ్చి స్టాండును దాని వైపు తిప్పండి. తర్వాత మబ్బు విడిచి ధ్రువ నక్షత్రం కనిపిస్తే దిక్సూచిని జేబులో పెట్టేయండి. ఆకాశంలోని ఉత్తర ధ్రువ బిందువుకు ఆ నక్షత్రం ముప్పావు డిగ్రీ కూడా దూరంలో లేదు.