కంప్యూటర్ రిపేరు మనమే నేర్చుకుందాం – 5వ పాఠం: బయాస్‌లో యూఎస్‌బీ పోర్టులు

పోయిన పాఠంలో కేబుల్ మార్చి చూడటం, పోర్టులో పేరుకున్న దుమ్ము తీయడం, అదే పరికరాన్ని వేరే పోర్టులో, వేరే కంప్యూటర్లో పెట్టి చూడటం నేర్చుకున్నాం. అవన్నీ అయ్యాక కూడా పోర్టు పలకడం లేదంటే ఇప్పుడు విండోస్ కింద ఉన్న పొరలోకి దిగాలి. అదే ఫర్మ్‌వేర్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము. ఇప్పటి కంప్యూటర్లలో ఉండేది యూఈఎఫ్ఐ అయినా అందరూ బయాస్ అనే అంటారు. మనమూ అలాగే అందాం.

బయాస్ తెరవగానే యూఎస్‌బీ అని కనిపించిన ప్రతిదాన్నీ ఎనేబుల్ చేసేసి బయటికి రావాలనిపిస్తుంది. అలా చేయకండి. పోర్టు పనిచేసినా దేనివల్ల పనిచేసిందో తెలియదు, పనిచేయకపోతే పాత స్థితికి ఎలా వెళ్లాలో తెలియదు. బయాస్ మనకు ఉపయోగపడేది ముందుగా తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి. మార్చడం ఆ తర్వాతి పని.

దిగే ముందు

విండోస్‌లో డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, బయాస్‌లో కొన్ని మార్పులు చేశాక కంప్యూటర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ముందే వేరే చోట భద్రంగా రాసి పెట్టుకోండి. అది లేకుండా ఈ పాఠం మొదలుపెట్టొద్దు, ఎందుకంటే పోర్టు కోసం చూసుకుంటూ డేటా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

బయాస్‌లో ఏ పేజీ తెరిచినా, ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అలాగే ఆఫీసు కంప్యూటర్ అయితే పోర్టులను ఐటీ వాళ్లే కావాలని ఆపి, బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉండొచ్చు. అది లోపం కాదు, వాళ్లనే అడగాలి.

లోపలికి ఎలా వెళ్లాలి

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే కీ నొక్కుతూ ఉండాలి. డెల్, ఏసర్‌లకు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1, అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లకు ఎక్కువగా డిలీట్ కీ. మోడల్‌ను బట్టి మారొచ్చు, స్క్రీన్ మీద ఒక్క క్షణం కనిపించే లైన్‌లో రాసి ఉంటుంది.

విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా ఆగదు. కీ నొక్కే వ్యవధి కూడా దొరకకపోవచ్చు. అప్పుడు షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని వెళితే నేరుగా బయాస్‌లోకే తీసుకెళ్తుంది. యూఎస్‌బీ కీబోర్డు విండోస్ లోడయ్యాకే పనిచేస్తున్న వాళ్లకు ఈ దారే దిక్కు.

అసలు పరీక్ష

బయాస్ స్క్రీన్ వచ్చిందనుకుందాం. ఇక్కడ విండోస్ లేదు, దాని డ్రైవర్లు లేవు, పవర్ సేవింగ్ గొడవ లేదు. బాగా పనిచేస్తుందని తెలిసిన మామూలు వైర్ కీబోర్డు ఒకటి తీసుకుని అనుమానం ఉన్న పోర్టులో పెట్టండి. మధ్యలో హబ్ వద్దు. రెండు మూడు సెకన్లు ఆగి, కింది బాణం కీ నొక్కండి. మెనూలో హైలైట్ ఒక గీత కిందికి జరిగిందా? జరిగితే ఆ పోర్టుకు కరెంటు వస్తోంది, డేటా వైర్లు బాగున్నాయి, పోర్టులను నడిపే చిప్, అంటే కంట్రోలర్, బతికే ఉంది. విండోస్‌లో మాత్రమే పనిచేయడం లేదంటే తప్పు డ్రైవర్‌దో, పవర్ సెట్టింగ్‌దో. మీరు బయాస్‌లో ఏమీ మార్చాల్సిన పనే లేదు, ఏదీ సేవ్ చేయకుండా బయటికి వచ్చేయండి.

జరగకపోతే, బాగున్న పోర్టులోకి మార్చి మళ్లీ నొక్కండి. అక్కడ పనిచేసి ఇక్కడ చేయకపోతే, ఈ పోర్టుకు సెట్టింగ్ గానీ హార్డ్‌వేర్ గానీ అడ్డు పడుతోంది. డెస్క్‌టాప్‌లో ముందున్న పోర్టులు రెండూ ఒకేసారి పోయి వెనకవి బాగుంటే, క్యాబినెట్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే వైరు ఊడిందేమో చూడాలి. నా అనుభవంలో సెట్టింగుల కంటే ఈ వైరే ఎక్కువసార్లు దొరుకుతుంది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. యూఎస్‌బీ 3.0 పోర్టులో, చాలావాటికి నీలం రంగు నాలుక ఉంటుంది, మొత్తం 9 కాంటాక్టులుంటాయి. పాత యూఎస్‌బీ 2.0 వాడుకునే 4, వేగం కోసం కొత్తగా చేర్చినవి 5. కీబోర్డు వాడుకునేది ఆ పాత నాలుగే. కాబట్టి కీబోర్డు పనిచేసినంత మాత్రాన మిగతా ఐదూ బాగున్నట్టు కాదు. యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి పెద్ద ఫైల్ కాపీ చేయండి. వేగం సెకనుకు 30, 40 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతోందంటే అది 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0 దారిలో వెళ్తున్నట్టే అనుకోవచ్చు. అప్పుడు కేబుల్, ఆ కాంటాక్టులు, కింద చెప్పబోయే ఎక్స్‌హెచ్‌సీఐ మోడ్ సెట్టింగ్, ఈ మూడూ చూడాలి.

ఏ సెట్టింగ్ ఏం చేస్తుంది

ఎక్కువ బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ మెనూ కింద యూఎస్‌బీ కాన్ఫిగరేషన్ అని ఉంటుంది. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో పోర్ట్ ఆప్షన్స్ అనీ, థింక్‌ప్యాడ్‌లో సెక్యూరిటీ మెనూలో ఐ/ఓ పోర్ట్ యాక్సెస్ అనీ కనిపిస్తుంది.

మొదట చూడాల్సింది పోర్టు ఎనేబుల్, డిజేబుల్. కొన్నింటిలో ఒక్కో పోర్టుకీ విడిగా ఉంటుంది, కొన్నింటిలో ముందువి, వెనకవి అని గుంపులుగా. ఇక్కడొక మెలిక ఉంది. డిజేబుల్ చేసిన పోర్టులో కూడా కరెంటు వస్తూనే ఉండొచ్చు. ఫోన్ ఛార్జ్ అవుతోంది కాబట్టి పోర్టు ఆన్‌లోనే ఉందనుకోకండి. బయాస్‌లో కంట్రోలర్ మొత్తాన్ని ఆపేస్తే విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ కంట్రోలర్ పేరే కనిపించదు. పసుపు గుర్తుతో కనిపిస్తోందంటే బయాస్ దాన్ని ఆపలేదు, కథ వేరు.

తర్వాతది లెగసీ యూఎస్‌బీ సపోర్ట్. యూఎస్‌బీ తెలియని ప్రోగ్రాములకు, యూఎస్‌బీ కీబోర్డును పాత పీఎస్/2 కీబోర్డులా చూపించే ఏర్పాటు ఇది. డాస్ లాంటి పాత సిస్టమ్‌లలో, పాత బూట్ మెనూల్లో కీబోర్డు పలకాలంటే ఇది ఎనేబుల్‌లో ఉండాలి. విండోస్ లోడయ్యాక దాని డ్రైవర్లు వచ్చేస్తాయి కాబట్టి, విండోస్‌లో పెన్‌డ్రైవ్ కనిపించడం లేదని దీన్ని మార్చితే లాభం లేదు. ఎనేబుల్‌లోనే ఉంచండి.

ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండాఫ్ అని ఇంకొకటి. ఎక్స్‌హెచ్‌సీఐ అంటే యూఎస్‌బీ 3.0 కంట్రోలర్. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ పొద్దున వచ్చినవాడికి తాళాలు అప్పగించినట్టు, అప్పటిదాకా యూఎస్‌బీ కంట్రోలర్‌ను చూసుకున్న బయాస్ దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించాలి. ఆ పని సరిగా చేసుకోలేని సిస్టమ్‌ల కోసం పెట్టిన సర్దుబాటు ఇది. బయాస్‌లో పనిచేసిన కీబోర్డు లైనక్స్ ఇన్‌స్టాల్ స్క్రీన్ రాగానే చచ్చిపోతుంటే ఎనేబుల్ చేసి చూడదగ్గది ఇదే.

ఎక్స్‌హెచ్‌సీఐ మోడ్ అనేది ముఖ్యంగా 2012 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన ఇంటెల్ బోర్డుల్లో ఉంటుంది. ఆటో, స్మార్ట్ ఆటో, ఎనేబుల్డ్, డిజేబుల్డ్ అని ఎంపికలు. డిజేబుల్డ్‌లో ఉంటే నీలం పోర్టులు కూడా యూఎస్‌బీ 2.0 వేగంతోనే నడుస్తాయి. విండోస్ 7 తనంతట తాను యూఎస్‌బీ 3.0 కంట్రోలర్‌ను నడపలేదు కాబట్టి అప్పట్లో దీన్ని ఆపేసినవాళ్లున్నారు. ఆ మెషీన్లలో తర్వాత విండోస్ 10 వేసుకున్నా సెట్టింగ్ అలాగే ఉండిపోతుంది. ఆటోకు మార్చండి.

మిగిలింది కరెంటు ఆదా చేసే ఈఆర్‌పీ, కొన్నింటిలో డీప్ స్లీప్ కంట్రోల్. ఇవి ఆన్‌లో ఉంటే కంప్యూటర్ ఆఫ్ అయ్యాక పోర్టులకు కరెంటు ఆగిపోతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఛార్జ్ కాకపోవడం, కీబోర్డుతో నిద్రలేపలేకపోవడం ఇందువల్లే. పోర్టు పాడవలేదు.

ఫాస్ట్ బూట్ అనే సెట్టింగ్ యూఎస్‌బీ మెనూలో ఉండదు, బూట్ మెనూలో ఉంటుంది. సమయం ఆదా చేయడానికి కొన్ని బోర్డులు దీనివల్ల మొదట్లో యూఎస్‌బీని తడమకుండానే విండోస్‌లోకి వెళ్లిపోతాయి. ఆన్ చేయగానే కీబోర్డు పలకడం లేదన్న సమస్యకు ముందుగా ఆఫ్ చేయాల్సింది ఇదే.

ఒకసారికి ఒకటే మార్చండి. ఎఫ్10తో సేవ్ చేసి, విండోస్‌లోకి వెళ్లి, పరీక్షించి, రాసుకుని, తర్వాతే రెండోది.

ముట్టుకోకూడనివి

మీ దగ్గరున్నది యూఎస్‌బీ కీబోర్డు ఒక్కటే అయితే యూఎస్‌బీ కంట్రోలర్‌ను ఎప్పుడూ డిజేబుల్ చేయొద్దు. తిరిగి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. పీఎస్/2 కీబోర్డు అయినా దొరకాలి, లేదా బయాస్ సెట్టింగులను చెరిపేసి మొదటి స్థితికి తెచ్చే, మదర్‌బోర్డు మీది క్లియర్ సీమాస్ జంపర్ అయినా వాడాలి.

సెట్టింగులన్నిటినీ కంపెనీ పెట్టిన స్థితికి తెచ్చే లోడ్ డిఫాల్ట్స్ చాలా మంచి మందే గానీ, దానికి ముందు స్టోరేజ్ మోడ్ (డిస్కును నడిపే పద్ధతి) ఏముందో ఫోటో తీసుకున్నారో లేదో చూసుకోండి. ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎండీలలో ఏదో ఒకటి ఉంటుంది. డిఫాల్ట్‌తో అది మారిపోతే విండోస్ తెరుచుకోకుండా నీలం స్క్రీన్ వస్తుంది. పాతదానికి తిప్పితే మళ్లీ వస్తుంది, కంగారు పడొద్దు.

స్క్రీన్ మీద యూఎస్‌బీ ఓవర్ కరెంట్ అని వచ్చి 15 సెకన్లలో ఆగిపోతోందంటే అది సెట్టింగులతో తీరేది కాదు. ఎక్కడో షార్ట్ అవుతోంది. అన్ని పరికరాలూ తీసేయండి. అయినా వస్తుంటే కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, ముందు పోర్టుల వైరు బోర్డు నుంచి పీకి చూడండి. పోర్టు లోపల వంగి తగులుకున్న పిన్ను ఉందేమో టార్చితో వెతకండి. ఆ పిన్నును మెటల్ పట్టకారుతో సరిచేయాలని చూడొద్దు.

ఈ వారం పని

మీ కంప్యూటర్లో ఉన్న పోర్టులన్నిటికీ ఒక కాగితం మీద బొమ్మ గీయండి. ఒక్కోదాని పక్కన బయాస్‌లో కీబోర్డు పనిచేసిందా, విండోస్‌లో పనిచేసిందా, నీలం పోర్టయితే కాపీ వేగం ఎంత వచ్చిందీ రాయండి. బయాస్‌లో పనిచేసి విండోస్‌లో మొండికేసిన పోర్టుల సంగతి 6వ పాఠంలో చూస్తాం. కోడ్ 43, సెలెక్టివ్ సస్పెండ్ రెండూ అక్కడే వస్తాయి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, దాన్ని చూస్తూనే పాఠం చెప్పుకుందాం.