ఉమ్మడి వనంలో పార పట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఉమ్మడి వనంలో మొక్కలు నాటడానికి స్వచ్ఛందంగా వచ్చేవారిలో చాలామంది ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప పార చేతపట్టరు. అలవాటు లేని చేతులు, పదునైన పనిముట్లు, ఒకేచోట గుమిగూడిన జనం, వీటికి తోడు పొద్దుగూకేలోగా తెచ్చిన మొక్కలన్నీ నాటి తీరాలన్న పంతం కలిసినప్పుడే గాయాలవుతాయి. కాబట్టి వచ్చేవారి సంఖ్యను, వారి ఓపికను చూసి ఆ రోజు నాటవలసిన మొక్కల లెక్కను ముందే తగ్గించుకోవడం అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త అని నా అభిప్రాయం. మిగిలిన మొక్కలను నీడలో ఉంచి తడుపుతూ ఉంటే మరో రోజు నాటుకోవచ్చు.

పనికి ఒకటి రెండు రోజుల ముందు ఇద్దరు స్థలమంతా నడిచి చూడాలి. గడ్డి కప్పేసిన గుంతలు, గాజుపెంకులు, తుప్పు పట్టిన తీగలు, కందిరీగల గూళ్లు, తేనెపట్టులు ఎక్కడున్నాయో గుర్తించి, దూరం నుంచే కనబడేలా రంగు గుడ్డలు కట్టాలి. నేల కింద కరెంటు కేబుళ్లు, గ్యాసు లేదా నీటి గొట్టాలు ఉన్నాయేమో సంబంధిత శాఖలను అడిగి తెలుసుకోనిదే గునపం దించకూడదు. తల పైకెత్తి చూడటం కూడా మరవకూడదు. పాత చెట్లకు వేలాడే ఎండుకొమ్మలు గాలి లేని రోజున కూడా విరిగిపడతాయి. ఈదురుగాలి ఉన్న రోజున ఆ చెట్ల కింద పని పెట్టుకోకపోవడమే మేలు.

ధనుర్వాతాన్ని కలిగించే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది కనుక టీకా సంగతి పనికి ముందే చూసుకోవాలి. పెద్దలకు సాధారణంగా 10 ఏళ్లకోసారి అదనపు మోతాదు అవసరమవుతుంది. మట్టి చేరిన లోతైన గాయమైతే, చివరి టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటినవారు వైద్యుణ్ణి కలవాలి. నిండు చేతుల చొక్కా, పొడవైన ప్యాంటు, కాలివేళ్లు పూర్తిగా కప్పే గట్టి బూట్లు, చేతితొడుగులు, అంచున్న టోపీ ధరించాలి. చెప్పులతో వచ్చినవారికి నీళ్లు మోసే పనో, మొక్కలు అందించే పనో అప్పగించాలి తప్ప మొహమాటపడి పార ఇవ్వకూడదు.

పనిముట్ల విషయంలో ఎంత కచ్చితంగా ఉన్నా ఎక్కువ కాదు. పారను, గునపాన్ని భుజాన వేసుకుని నడిస్తే వెనుక వచ్చేవారి ముఖానికి తగులుతుంది కాబట్టి పదునైన కొన నేలవైపు ఉండేలా పక్కన పట్టుకుని నడవాలి. తవ్వే ఇద్దరి మధ్య కనీసం రెండు పారల పొడవంత ఎడం ఉండాలి. విశ్రాంతి తీసుకునేటప్పుడు పనిముట్లను గడ్డిలో పడేయకుండా అందరికీ తెలిసిన ఒకే చోట, పదును కిందికి ఉండేలా పెట్టాలి. మొక్కకు ఊతంగా పాతిన సన్నని కర్రలను చూస్తే ఎవరికీ భయం కలగదు. అయితే పాదు చేయడానికి వంగినవారి కంటికి గుచ్చుకునేవి అవే, అందుకని వాటి కొనలకు గుడ్డో రబ్బరు మూతో తొడగాలి. యంత్రపు రంపాలు శిక్షణ పొందినవారి చేతిలోనే ఉండాలి.

ఎండలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా 15 నుంచి 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీరు తాగాలి. తలనొప్పి, వికారం, విపరీతమైన చెమట కనిపిస్తే పని ఆపి నీడకు చేరాలి. ఎవరికైనా మాట తడబడి, ఎక్కడున్నదీ తెలియని అయోమయం కలిగితే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోగా ఒంటిని చన్నీళ్లతో తడుపుతూ విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. మబ్బు పట్టిన రోజున మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్లు లెక్క. అప్పుడు చెట్టు కిందికి పరుగెత్తకుండా పక్కా భవనంలోకో, పైకప్పు ఉన్న కారులోకో చేరి, చివరి ఉరుము వినిపించిన 30 నిమిషాల తరువాతే పనికి తిరిగి రావాలి.

పాము కాటేస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయకూడదు. కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి చేర్చాలి.

మొక్క విషయంలోనూ తొందర పనికిరాదు. పాలిథిన్ సంచి తీయకుండా నాటితే వేర్లు లోపలే చుట్టుకుపోతాయి. కాండం మొదలు మట్టిలో పూడిపోయేంత లోతుగా నాటితే అక్కడ కుళ్లు పట్టవచ్చు. పాదులో పరిచే ఎండుటాకులు నాలుగు వేళ్ల మందం ఉంటే చాలు, అవి కాండానికి తగలకూడదు. తొలి రెండు మూడేళ్లు కలుపు తీయడం, నీళ్లు పోయడం తప్పనిసరి. నాటిన రోజున కనిపించే జనం ఆ తరువాత రారు కనుక కొద్దిమందే కొడవళ్లు పట్టవలసి వస్తుంది. ఏపుగా పెరిగిన గడ్డిలో మొక్క కనబడదు, పాత ఊతకర్ర కూడా కనబడదు. కాబట్టి ముందు చేత్తో గడ్డిని పాయలుగా విడదీసి మొక్కను గుర్తించి, కాండం చుట్టూ చేత్తోనే పీకి, ఆ తరువాత కొడవలి వాడాలి. కాండం చుట్టూ బెరడు తెగిన మొక్క సాధారణంగా బతకదు. ఎంత చిన్న పనికైనా ఒంటరిగా వెళ్లకుండా, వెళ్లే వేళ, తిరిగి వచ్చే వేళ ఒకరికి చెప్పాలి. బయలుదేరే ముందు మనుషులను, పనిముట్లను లెక్క చూసుకోవాలి. ఒక కొడవలి తగ్గినా అది దొరికేదాకా గడ్డిలోకి పిల్లలను వెళ్లనివ్వకూడదు.