మోద్రోతిస్క్ ఏప్రాన్, 3వ పాఠం: జిగురు అద్దకం, నీలి తొట్టి

గత పాఠంలో గంజి వదిలించి ఆరబెట్టిన నూలు గుడ్డ తీసుకోండి. చెక్, స్లోవాక్ పల్లెల ‘క్రోయ్’ అనే సంప్రదాయ దుస్తుల్లో ఏప్రాన్లకీ, రోజువారీ లంగాలకీ వాడే ఈ నీలి గుడ్డ చెక్‌లో మోద్రోతిస్క్, స్లోవాక్‌లో మోద్రోత్లాచ్. ఈ అద్దకం 2018లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. చెక్ దేశపు తూర్పు ప్రాంతం మొరావియాలోని స్ట్రాజ్నిత్సే, ఓలెష్నిత్సే ఊళ్ళలో ఇప్పటికీ చేస్తున్నారు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఇందులో తెల్ల పువ్వును ఎవరూ అద్దరు. నీలం అంటకుండా ఆపిన చోటే పువ్వు. కాబట్టి పనంతా నీలాన్ని ఆపే జిగురులోనే ఉంది.

100 గ్రాముల తుమ్మ జిగురును 150 మి.లీ. నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. మెత్తటి తెల్ల బంకమట్టి సుమారు 120 గ్రాములు కొద్దికొద్దిగా కలపండి. గట్టి పెరుగులా రావాలి. పలచనైతే అంచులు పాకి పువ్వు ముద్దవుతుంది, మరీ చిక్కనైతే అచ్చు సందుల్లో ఇరుక్కుంటుంది. అక్కడి పనివాళ్ళు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కూడా కలుపుతారు: అది గుడ్డను తాకబోయే నీలాన్ని ముందే గడ్డకట్టించి లోపలికి పోనివ్వదు. విషం కనుక ఇంట్లో వద్దు.

మన పెడన కలంకారీ అచ్చులు చెక్కవే. అక్కడివి పియర్ చెక్కలో ఇత్తడి మేకులు, రేకులు దిగగొట్టినవి, అందుకే ఆవగింజంత చుక్క కూడా విడిగా పడుతుంది. మీ దగ్గర చెక్క అచ్చే ఉంటే పెద్ద పువ్వు ఎంచుకోండి.

అద్దాక నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. గోటితో నొక్కితే గుంట పడకూడదు. ఇక్కడ తొందరపడితే తొట్టిలో జిగురు కరుగుతుంది.

10 లీటర్ల తొట్టికి నీలిమందు 40, సున్నం 80, ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) 120 గ్రాములు. సున్నం కలిపేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వేడినీళ్ళలో కలిపి, పైన రాగిరంగు పొర, కింద పచ్చని ద్రవం తేలాక పూర్తిగా చల్లారనివ్వండి. వేడి తొట్టి జిగురును వదిలించేస్తుంది.

గుడ్డను మడతల్లేకుండా చట్రానికి బిగించి, అడుగున పేరుకున్న మడ్డి తగలకుండా నిలువుగా దించండి. ఐదు నిమిషాలు లోపల, పది నిమిషాలు గాలిలో. పైకి తీయగానే పసుపుపచ్చగా ఉండి, చూస్తుండగానే ఆకుపచ్చై నీలానికి తిరుగుతుంది. ఇలా మూడు మునకలు. ఎక్కువసేపు ఒకేసారి ముంచితే రంగు పెరగదు, తెలుపు పోతుంది.

మర్నాడు లీటరు నీటికి 50 మి.లీ. వెనిగర్ కలిపి అందులో నానబెట్టండి. సున్నం విరుగుతుంది, జిగురు వదులవుతుంది. రుద్దకండి, నీళ్ళు మార్చి జాడించండి. వచ్చే పాఠంలో కుచ్చులు, నడుము పట్టీ.