సంగీత చరిత్ర చదువుకోవడం ఎలా? మూడో పాఠం: ఫిడేలు వెంట నడుద్దాం

పోయిన పాఠంలో పుస్తకం మూసేసి గుర్తున్నదంతా రాయమన్నాను కదా. ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటికి వచ్చే పిల్లల కాగితాలు చూస్తే పేర్లున్నాయి, ఏళ్ళున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు. డిప్లొమా పరీక్షకి నేనూ ఇలాగే చదివాను. గుణుపురం పాసింజర్లో కూర్చుని శ్యామశాస్త్రి పుట్టింది 1762, త్యాగరాజు పుట్టింది 1767 అని బట్టీ పట్టి, తీరా హాల్లోకి వెళ్ళేసరికి ఏ ఏడు ఎవరిదో కలిసిపోయి, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. అందుకని ఈసారి ఏళ్ళ జోలికి ముందే పోవద్దు. ఒక వాయిద్యాన్ని పట్టుకుని దాని వెనకాలే వెళ్దాం.

ఫిడేలు యూరప్ వాళ్ళతో మన దేశానికి వచ్చింది. త్యాగరాజు కాలంలోనే కృతులు కట్టిన ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో వాళ్ళకి కంపెనీ వాళ్ళ బ్యాండు వినే వీలు దొరికింది. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని మన సంగీతానికి పట్టుకొచ్చాడు. అన్నగారేమో ఆ బ్యాండు వరసలకే సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నోట్టుస్వరాలంటారు.

ఇక్కడ చదవడం ఆపి ఫోను తీయండి. ‘సంతతం పాహిమాం’ వినండి. ఇంగ్లండు వాళ్ళ జాతీయగీతం వరసే అది, శంకరాభరణం రాగం స్వరాలు ఒక్కొక్కటీ తిన్నగా, విడివిడిగా వినిపిస్తాయి. వెంటనే ఆయనదే, శంకరాభరణంలోనే ఉన్న ‘అక్షయలింగ విభో’ పెట్టండి. అదే మనిషి, అవే స్వరాలు, కానీ గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఊగుతూ, ఎక్కడా తొందర లేకుండా పోతుంది. ఈ రెండూ పక్కపక్కన రెండుసార్లు వింటే ఆ జారుడూ ఊగుడూ, అంటే గమకం, ఏమిటో పరీక్షలో మీ సొంత మాటల్లో రాయగలరు.

ఇప్పుడు ఫిడేలు మెడ చూడండి, దానికి వీణకున్నట్టు వేళ్ళ కింద అడ్డంగా మెట్లు లేవు. వేలు జారితే స్వరమూ జారుతుంది. గాత్రం ఎటు వంగితే అటు వంగగలదు కాబట్టే పాట పక్కన దానికి చోటు దొరికింది. ‘ఎందుకు’ అన్నది దొరికాక ఏళ్ళు తగిలించండి, నిలుస్తాయి. దీక్షితులు పోయింది 1835. సరిగ్గా దానికి ముందు ఏడాది, 1834లో, తిరువాన్కూరు స్వాతి తిరునాళ్ మహారాజు, తంజావూరు అన్నదమ్ములని పేరున్న నలుగురు సంగీత, నాట్య విద్వాంసుల్లో ఒకరైన వడివేలుకి దంతపు ఫిడేలు బహూకరించారు. రెండూ ఒకే కొక్కేనికి తగిలించేయండి.

ఫిడేలు వాయిద్యం మన పక్కనున్న విజయనగరానికీ వచ్చింది. అక్కడ 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. దాసుగారి తర్వాత నాయుడుగారే ప్రిన్సిపాల్ అయ్యారు, 1936లో. ఈ ఏడు మన ఊరి పిల్లలకి బట్టీ పట్టాల్సిన పనే లేదు. ఒడిశా వేరే రాష్ట్రమై మన పర్లాకిమిడి అందులో కలిసిన ఏడే అది, ఏటా ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కి సెలవిచ్చేది అందుకే. ఇలా మీకు ముందే తెలిసిన ఏడు పక్కన కొత్తదాన్ని కూర్చోబెట్టండి.

ఇంకో మాట. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కాబట్టి నోట్సు ఏ లిపిలో రాయాలని అడుగుతున్నారు. చేతికి ఏది వేగంగా వస్తే అందులోనే రాయండి, తప్పేం లేదు. సాహిత్యం మాత్రం తెలుగులో పైకి చదవండి. త్యాగరాజు కాలంలోనే మన ఊళ్ళో గోపాలకృష్ణ పట్నాయక్ ఒడియాలో పాటలు కట్టాడు. మీ సిలబస్‌లో లేకపోయినా ఆయన్నీ త్యాగరాజు పక్కనే పెట్టుకోండి. ఒకే కాలంలో రెండు సంప్రదాయాలు ఎలా నడిచాయో కనిపించడం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఈ వారం పని: తెల్లకాగితం మీద మణలి నుంచి విజయనగరం దాకా ఒక గీత గీసి, పుస్తకం చూడకుండా ఫిడేలు దారి రాయండి. రేపొకసారి, మూడు రోజులాగి ఇంకోసారి, ప్రతిసారీ కొత్త కాగితం మీద. మర్చిపోయిన చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి, మళ్ళీ చదవాల్సింది ఆ సున్నాల్లో ఉన్నదే. అలాగే ఇంట్లో ఎవరినైనా పేరు చెప్పకుండా ఒక పాట పెట్టమనండి. అది ఏ పాటో చెప్పకపోయినా ఫర్వాలేదు, నోట్టుస్వరంలా తిన్నగా పోతోందా, గమకంతో ఊగుతోందా అన్నది చెప్పండి చాలు.

వచ్చే పాఠం వీణ మీద. దానికి మెట్లున్నాయి, అయినా గమకం పలుకుతుంది. ఎలాగో ఆలోచించి, వైణికులు ఎడమచేత్తో తీగని ఏం చేస్తున్నారో ఒకసారి దగ్గరగా చూసి రండి.